తుంగమడుగు అర్జీ

“జీపొస్తోందిరోయ్!”

కేక వినపడీ పడకముందే ఊళ్ళో మగాళ్ళంతా పంచెలు ఎగ్గట్టి తుంగమడుగులోకి దూకారు. ఖాసిం అల్లుతున్న చాప అక్కడే పారేసి వాళ్ళ వెనకే పరుగు తీశాడు. ఎమర్జెన్సీ రోజులు మరి! పక్కూళ్ళో జీపెక్కించుకుపోయిన వాళ్ళని కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసిగానీ వదల్లేదని జగ్గయ్యపేట వెళ్ళొచ్చిన ప్రతివాడూ చెబుతున్నాడు.

దాక్కోవడం కూడా తేలిక కాలేదు. ఒకప్పుడు ఏనుగు మునిగే మడుగు, పైన క్వారీ నుంచి దిగే తెల్ల బురదకి పూడిపోయి మోకాటిలోతైంది. పీకలదాకా మునగాలంటే గొంతుక్కూర్చోవాల్సిందే. నలభై మందీ, చావగా మిగిలిన కాస్త తుంగ చాటున అలాగే కూర్చున్నారు.

“అర్జీ మీద వేలిముద్ర వేయించుకున్నప్పుడే అనుకున్నాన్రా,” పక్కనున్న రత్తయ్య పళ్ళు కొరికాడు. “మేష్టర్లు తలా ఇంతమందిని ఆపరేషనుకి పట్టివ్వాలని ఆర్డరంట. మడుగు బాగుచేయిస్తానని మనల్ని బుట్టలో వేసుకున్నాడు మన వరప్రసాదరావు మేష్టరు.”

“ఊరుకో మామా! చదివి వినిపించాకే గదా వేశాం? పేటలో ఇంకోళ్ళ చేత కూడా చదివించా. మడుగు సంగతి తప్ప ఇంకో ముక్క లేదందులో.”

“మరైతే నువ్వెందుకు దూకావురా?”

ఖాసిం తుంగ చాటుకి ఇంకాస్త జరిగాడు. తుంగ బతికితేనే అతని ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకే మొదటి ముద్ర తనే వేసి, మిగతావాళ్ళ చేత దగ్గరుండి వేయించాడు. ఇప్పుడేదన్నా అయితే వాళ్ళ పెళ్ళాలు తనని బతకనిస్తారా?

జీపు గట్టు మీద ఆగింది. ఆఫీసరు దిగాడు, వెనకే వరప్రసాదరావు మేష్టారు. ఆఫీసరు చుట్టూ చూసి అర్జీ విప్పాడు.

“ఏమయ్యా మేష్టరూ, క్వారీ బురద ఆపించండి, మడుగు పూడిక తీయించండి అని నలభై ముద్రలు కొట్టించి పంపావు. ఊళ్ళో చూస్తే మగపురుగన్నది లేదు. అన్నీ నీ బొటనవేలేనా?”

“అయ్యయ్యో, కాదండి! మనుషులు ఉన్నారండి!”

“ఉంటే ఏరీ? ఇది దొంగ అర్జీ. చించేస్తున్నా.”

మేష్టారు గొంతు చించుకుని అరిచాడు. “ఖాసిం! ఎక్కడున్నావయ్యా! ఇప్పుడు కనపడకపోతే మడుగు ఇక పోయినట్టే!”

ఖాసిం కదిలాడు. రత్తయ్య అతని చొక్కా పట్టుకు లాగాడు. “లేవకురా, చస్తావ్!”

“మడుగు పోయాక బతికేం చేస్తా మామా?”

విదిలించుకుని లేచాడు. జుట్టు నించి పాదాల దాకా తెల్ల బురద.

“ఆ మొదటి ముద్ర నాదేనండీ! చించకండయ్యా!”

తర్వాత అటు పక్క ఇంకొకడు లేచాడు. ఆపైన నలుగురు, పదిమంది. చివరికి ఖాసింని తిట్టుకుంటూనే రత్తయ్యా లేచాడు.

ఆఫీసరు మొహం చేటంతైంది. అర్జీ మడిచి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు. అది చూసి ఖాసింకి కళ్ళనీళ్ళాగలేదు.

“గెలిచాం మామా,” అన్నాడు.

ఆఫీసరు మేష్టారి భుజం తట్టి, జీపు వైపు తిరిగి కేకేశాడు.

“డాక్టరుగారూ, ఇక దిగండి! మేష్టారు మాటిచ్చిన నలభై మందీ వచ్చేశారు.”