మధ్యలో ముల్లు

"డీజిల్ ముల్లు చూడమ్మా. ట్యాంకు నిండా పోయించినా ఖాళీ అంటోంది," అన్నాడు పెద్దాయన, జీపు తాళం బల్ల మీద పడేస్తూ.

మీటరమ్మ తలెత్తలేదు. ఆమె చేతిలో ఎవరిదో స్పీడోమీటరు విప్పి ఉంది. డయల్ మీద అంకెలు దిద్దేటప్పుడు ముల్లు ఊగకుండా వెనక ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. అందరూ అగ్గిపుల్ల పెడతారు. ఈమె మాత్రం తలలోంచి హెయిర్‌పిన్ను తీసి పెడుతుంది, చివర ఎర్రదారం చుట్టి. తియ్యడం మర్చిపోయి అద్దం బిగిస్తే ఆ ముల్లు ఇక జన్మలో కదలదు. ఎర్రగా ఉంటే కంటపడుతుందని ఆమె లెక్క. వంటింటి బల్ల మీద, వర్కుషాపుల నుంచి సంచుల్లో వచ్చే, ఏ బండివో తెలియని మీటర్లతో పని నేర్చుకున్న నాటి అలవాటది. తొమ్మిదేళ్ళయింది. వీధిలో మెకానిక్కులు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

పిన్ను తీసి, అద్దం బిగించి, అప్పుడు చూసింది బయటికి.

ఆకుపచ్చ జీపు. ఎడమ మడ్గార్డు మీద సొట్ట. ఆ సొట్ట ఆమెకు బాగా తెలుసు. ఆ తర్వాత మనిషిని చూసింది. క్వారీ ఓనరు. జుట్టు నెరిసిందే గానీ అదే మొహం. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. డ్రైవరు పెళ్ళాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు గనక.

ట్యాంకు దగ్గర ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంది. గీకి, మళ్ళీ బిగించి తాళం తిప్పగానే డీజిల్ ముల్లు నిక్షేపంలా పైకి లేచింది.

"ఇంతేనా?" అన్నాడు ఓనరు.

"ఇంతే సార్. చాలా రోజులు వాడలేదా బండి?"

"ఎనిమిదేళ్ళు షెడ్డులో పడుంది. పాత ఇంజను ఒక డ్రైవరు తగలేశాడు. ఇప్పుడు వేరేది వేయించా. రేపు పొద్దున్నే కొండ మీదికి నేనే నడుపుకుంటూ పోతున్నా."

"తగలేశాడా?" తెలియనట్టే అడిగింది.

"కునుకు తీస్తూ నడిపుంటాడు వెధవ. ఇంజను ఉడికిపోతుంటే వేడి ముల్లు చూసుకోలేదు. పైగా ముల్లు మధ్యలోనే ఉందని బుకాయింపు."

"నిజంగానే ఉందేమో."

"ఎలా ఉంటుందమ్మా? ముందురోజు సాయంత్రమే ఆ మీటరు రిపేరు చేయించి పెట్టారు వర్కుషాపు వాళ్ళు. కొత్తదానిలా ఉందన్నారు. చూడు, ఇప్పటికీ ఎంత బాగుందో. దాని అద్దం లోపల దుమ్ము తుడిచిపెట్టు, చాలు."

ఆమె వంగి చూసింది. బండి ఆపేసి ఉంది. ఇంజను చల్లగా ఉంది. తాళం ఆమె చేతిలో ఉంది. అడుగున పడి ఉండాల్సిన వేడి ముల్లు మటుకు మధ్యలో నిలబడి ఉంది.

రిపేరూ లేదు, గాడిదగుడ్డూ లేదు. బిగుసుకుపోయిన మీటరు పెట్టి తన మొగుడిని కొండెక్కించాడు ఈ మహానుభావుడు. పొగలొస్తున్నాయని బానెట్ ఎత్తబోతే ఆవిరి కొట్టి కుడిచెయ్యి ఉడికిపోయింది ఆయనకి. ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అది చాలదన్నట్టు ఈయన ఊరంతా తిరిగి చెప్పాడు. ముల్లు చూడని డ్రైవరని పేరు పడింది. తెలిసినవాళ్ళు కూడా వీధిలో అలాగే పిలిచారు.

"సాయంత్రం రండి సార్. మీటరు విప్పాలి," అంది, గొంతు మామూలుగా పెట్టుకుని.

ఆయన వెళ్ళాక ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆ రోజు ముల్లు ఎక్కడుంది?"

"మళ్ళీ మొదలుపెట్టావా? మధ్యలో ఉందే బాబూ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీరు అబద్ధం ఆడలేదని నాకు తెలుసు."

"నీ ఒక్కదానికి తెలుసు. అందుకేగా ఇంకా తింటున్నా, పడుకుంటున్నా. అన్నట్టు, నీ పిన్నులకి దారం చుట్టేశా. ఎడంచేత్తో ఇప్పుడు బాగానే వస్తోంది."

ఫోన్ పెట్టేసి ఆమె డాష్‌బోర్డులోంచి వేడి మీటరు ఊడదీసింది. ఉన్నది ఉన్నట్టు వదిలేసినా చాలు. కానీ తుప్పుతో బిగుసుకున్న ముల్లయితే కొండదారి గతుకులకి కదిలినా కదలొచ్చు. కదలకూడదు. రేపు ఈయన ఇంజనూ ఉడకాలి. దారిలో నిలబడి నలుగురికీ చెప్పాలి, ముల్లు మధ్యలోనే ఉందని. ఒక్కడూ నమ్మకూడదు. కాస్త కాలితే ఇంకా మంచిది. ఎనిమిదేళ్ళుగా ఆమె ఇంతకన్నా ఏమీ కోరుకోలేదు.

తలలోంచి పిన్ను లాగింది. జుట్టు మొహం మీద పడినా తోసుకోలేదు. అద్దం చుట్టూ ఉన్న రేకు అంచుని స్క్రూడ్రైవరుతో లేపింది. అద్దం తీసి పక్కన పెట్టింది. డయల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి ఎత్తి, పిన్ను ఎక్కడ దూర్చాలా అని లోపలికి చూసింది.

అక్కడ అప్పటికే ఒక హెయిర్‌పిన్ను ఉంది, చివర ఎర్రదారంతో.