పంచింగ్ సెక్షన్ ఇన్‌చార్జి

"చప్పట్లు గట్టిగ కొట్టుండ్రి! చేతులేం అరిగిపోవు!"

మేనేజర్ భీమశంకరం గదమాయించేసరికి షెడ్డంతా మోగింది. హన్నా భుజాల మీద శాలువా పడింది. ఇస్నాపూర్ దగ్గరి ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఇన్‌చార్జి అయిన మొదటి ఆడమనిషి ఆమె. శేటు రాలేదు. పూలదండ పంపాడు.

"పేరుకు సంగయ్య ఇన్‌చార్జి గని, ఇన్ని దినాలు ఈ పంచింగ్ సెక్షన్ నడిపిచ్చిందెవలు? నోరు తెరిచి చెప్పుండ్రి."

"హన్నక్కనే సార్," అన్నాడు ఆపరేటర్ రాకేష్, అందరికంటే ముందు.

"ఏ మెషీన్ మీద ఎవలు నిలబడాల్నో చెప్తుండేదెవలు?"

"హన్నక్కనే!" ఈసారి అందరూ అన్నారు.

హన్నాకు కళ్ళు తడిశాయి. చిట్కుల్ నుంచి జిగురు పూసే పనికి వచ్చిన పిల్ల ఆమె. మగవాళ్ళు తిండికి పోయినప్పుడు అట్టలు కోసే మెషీన్ దగ్గర నిలబడి పని నేర్చుకుంది. "ఇది రొట్టెల పీట కాదక్కా" అని వెక్కిరించింది ఈ రాకేషే. ఇన్‌చార్జి పని అడిగిన ప్రతిసారీ "మగోళ్ళు సచ్చిండ్రా?" అన్నది ఈ భీమశంకరమే. ఇవాళ అవే నోళ్ళు ఆమె పేరు పలుకుతున్నాయి. ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట. ఎందుకంటున్నారని అడగబుద్ధి కాలేదు.

మెషీన్లు మళ్ళీ మొదలయ్యాయి. శాలువా మడిచి చంకలో పెట్టుకుని, పెట్టెలు కట్టలు కట్టే ముత్యమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మొఖం గట్ల పెట్టినవేంది పెద్దమ్మా? సంబురం లేదా?"

"ఉన్నది తియ్యి. మొన్న నిషిత చెయ్యి మెషీన్ల నలిగినప్పుడు గీ రాకేష్ ఏమన్నడు? ఆడోళ్ళను మెషీన్ ఎక్కిస్తే గిట్లనే అయితదన్నడు. గా నోట్లకు ఇయ్యాల బెల్లం ఏడికెళ్ళొచ్చింది?"

"బుద్ధొచ్చిందేమో."

"వానికా? బుద్ధొస్తే వాడు పడిశమనుకొని గోలీ మింగుతడు."

హన్నా నవ్వబోయి ఆగిపోయింది. నిషితను జిగురు డబ్బాల దగ్గర నుంచి మెషీన్ మీదికి తెచ్చింది తనే. అట్ట పెట్టేటప్పుడు చెయ్యి లోపలే ఉండిపోతే, ముందున్న కమ్మీ తగిలి మెషీన్ ఆగిపోవాలి. మాటిమాటికీ ఆగితే పని సాగదని, భీమశంకరం ఆ కమ్మీని పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ పట్టీతోనే వెనక్కి కట్టించాడు. కట్టింది సంగయ్య. వద్దని హన్నా మొత్తుకుంది. "నీకెందుకు? నువ్వేమన్న ఇన్‌చార్జివా?" అన్నారు. నిషితను ఆటోలో ఎక్కించేలోపే ఎవరో పట్టీ కోసేశారు. తెల్లారి సంగయ్యను సదాశివపేట గోదాముకు పంపించారు.

ఇవాళ పొద్దున హన్నా చూడబోయినప్పుడు, పటాన్‌చెరు ఆసుపత్రిలో నిషిత మణికట్టు దాకా కట్టుతో పడుకుని ఉంది. ఆ చేతికి ఇక వేళ్ళు లేవు.

"అక్కా, నా పని అయిపోయింది. తక్కినోళ్ళను గూడ మల్ల జిగురు కాడికే తోలుతరా?"

"నేనుండంగ తోలనియ్య," అంది హన్నా. అప్పుడు ఆ మాటకు బలం లేదు. ఇద్దరికీ తెలుసు.

"నిషిత చెయ్యి ముచ్చట రాసుకోను సంగారెడ్డి నుంచి ఫ్యాక్టరీల ఆఫీసరొచ్చిండు," ముత్యమ్మ గొంతు తగ్గించింది. "మేనేజర్ రూంల కూసున్నడు. పట్టీ ముచ్చట చెప్తవా?"

"చెప్త."

"నౌకరి పోతది పిల్లా. శాలువ గూడ గుంజుకుంటరు."

"గుంజుకోనియ్యి. నిన్నటిదాంక నేను చెప్తే ఎవలింటరు? మెషీన్ నడిపే ఆడిది, కడుపుమంటతోని ఒర్రుతున్నదంటరు. ఇయ్యాల ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి చెప్తే రాసుకుంటడు. గా కమ్మీలు ఇంకోపారి కట్టకుంట జేస్తే సాలు, ఆడపిల్లలు మెషీన్ల మీదనే ఉంటరు."

ముత్యమ్మ చేతిలోని కట్ట గట్టిగా బిగించింది.

"హన్నమ్మా, జెర ఇట్ల రామ్మా," భీమశంకరం తలుపు దగ్గర నుంచి పిలిచాడు.

అమ్మా అన్న పిలుపు ఆ నోట ఆమె ఎన్నడూ వినలేదు. చెమట తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఆఫీసరు నడివయసు మనిషి, పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాడు. రాకేష్, మరికొందరు ఆపరేటర్లు గోడ వారగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. భీమశంకరం తానే కుర్చీ లాగి హన్నాను కూర్చోబెట్టాడు.

"మీరేనా ఇన్‌చార్జి?" ఆఫీసరు అడిగాడు.

"అవును సార్. నేనే." యేసయ్యా, నా మాట తడబడనియ్యకు అని లోపల అనుకుంది. పట్టీ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటూ నోరు తెరిచింది.

భీమశంకరం ఆమె కుర్చీ వీపు మీద చెయ్యేశాడు. గోడ వారగా ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. వాళ్ళు తలలూపారు.

"ఆ పిల్ల చెయ్యి పోయిన నాడు గూడ ఇన్‌చార్జి ఈమెనే సార్."