ఒకటో తారీఖు దాటినాక

ఫోను పెట్టేసి సామ్సన్ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఎవరది?" బియ్యం చెరుగుతున్న కృప అడిగింది.

"ఆదోనిలో బట్టలంగడి రసూల్ సాబ్. ఆడ నాలుగు బట్టలంగళ్ళోళ్ళు కొత్త సంవత్సరానికి బోర్డులు మారుస్తాండారంట. ఫ్లెక్సు వద్దంట మే! చేతిరాతే కావాలంట!"

కృప చేతిలోని చాట గాల్లోకి లేచింది. ఇల్లంతా బియ్యం. ఏరుతూ ఇద్దరూ ఒకటే నవ్వు.

పెళ్ళయి నెల తిరగలేదు. బోర్డుల రాతపని లేక, వచ్చే ఒకటో తారీఖున బెంగళూరు బస్సెక్కి మేడలకు రంగులు కొట్టే కూలికి పోవాలనుకున్నాడు సామ్సన్. ఇక ఆ బస్సుతో పనిలేదు.

డిగ్రీ చదివిన కృప ఆ రోజే అతని దగ్గర రంగులు కలిపే పనికి కుదిరింది. ముక్కు మీద పసుపురంగు అంటితే తుడుచుకోకుండా అద్దంలో చూసుకుని మురిసింది.

డిసెంబరు చివర్లో, సామ్సన్ రంగు డబ్బాల కోసం బజారుకెళ్ళినప్పుడు, ఎవరో ముసలాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆరబెట్టిన బోర్డుల మీంచి చూపు తిప్పలేదు.

"ఏం కావాల తాతా?"

ఆయన సంచిలోంచి చిన్న చెక్క శిలువ తీశాడు.

"సమాధికమ్మా. ఒక్క పేరు రాపిచ్చుకోవాల. సామ్సన్ చేతనే."

కృప ఒకడుగు వెనక్కి వేసింది. కొత్త బోర్డుల పక్కన సమాధి శిలువా!

"ఇప్పుడొద్దు తాతా. మాది ఇదే బోణీ. ఒకటో తారీఖు దాటినాక రా."

"ఒక్క పేరే కదమ్మా. వచ్చేదాకా కూసోనుంటాలే."

"వచ్చినా రాయడు. ఇంగెవరికన్నా ఇయ్యి. రాసేటోళ్ళు శానామంది ఉండారు."

"శానామంది యాడుండారమ్మా!" ముసలాయన నవ్వి, శిలువను సంచిలో పెట్టుకున్నాడు. "మంచిది. మీ కొత్త సంవత్సరం సల్లగుండాల."

శుభమా అని పని సాగుతుంటే ఎందుకని, కృప ఆ సంగతి సామ్సన్‌కు చెప్పలేదు.

జనవరి ఒకటిన ప్రార్థన ముగించుకుని ఇద్దరూ ఆదోని వెళ్ళారు. బోర్డులు పైకెక్కాయి. రసూల్ సాబ్ తలెత్తి చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"పుల్లన్న చూసింటే బాగుండు."

"ఎవరు సాబ్?" అన్నాడు సామ్సన్.

"మా బోర్డులన్నీ రాసినోడప్పా. చేతులు వణికి మానేసినాడు. మేము ఫ్లెక్సు ఏపిచ్చుకుంటామంటే ఒప్పుకుంటేనా! 'ఎమ్మిగనూరులో సామ్సనని ఉన్నాడు, వాని రాత చూసినా. పని లేక వాడూ బెంగళూరు పోతాడంట, ఆపండి' అని అంగడంగడికీ తిరిగినాడు. ఈ పొద్దున్నే పోయినాడు. రేపు మట్టి చేస్తారు."

సామ్సన్ తలెత్తి బోర్డుల వైపు చూశాడు.

"ఆయన్ను ఒక్కసారన్నా చూడకపోతినే సాబ్."

"అదేంది? శిలువ మీద తన పేరు నీతోనే రాపిచ్చుకుంటానని మొన్న మీ ఇంటికే వచ్చెనే?"

"మా ఇంటికి ఎవరూ రాలేదే..."

కృప అతని చొక్కా అంచు పట్టుకుంది.

"వచ్చినాడు. నేనే తిప్పి పంపిచ్చినా," అంది నేల చూస్తూ. "రేపు పొద్దున్నే, మట్టికి ముందే పోయి శిలువ మీద పేరు రాద్దాం."