అట్టపెట్టె మీది కోళ్లు

"ఇవి మా పెరటి కోళ్లే కదూ?" గుడ్ల పెట్టె మీది ఫొటో చూపిస్తూ అడిగింది వదిన.

కోళ్ల ఫారం మేనేజరైన మరిది నవ్వాడు. "అవును వదినా. పోయినేడు నేను తీసిందే."

"మరి ఈ గుడ్లెక్కడివి?"

అతను పక్కనున్న షెడ్డు వైపు చూశాడు. ఆమె షెడ్డు తలుపు తోసింది. రెక్క విప్పే చోటైనా లేని ఇనుప బోనుల్లో వేలకొద్దీ కోళ్లు. అన్నిటికీ ముక్కు కొసలు కోసేసి ఉన్నాయి.

"పొడుచుకు చస్తాయని కోస్తాం. అందరూ చేసేదే."

"కోళ్లన్నీ ఆరుబయటే తిరుగుతాయన్నావు కదరా! నీ మాట నమ్మి, కళ్లు మూసుకుని కొనమని అందరికీ చెప్పాను."

"నీ మాట మీదే సగం సరుకు అమ్ముడుపోయింది వదినా," అన్నాడతను మెచ్చుకోలుగా.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. గేటు దగ్గర గుడ్ల కోసం నిలబడ్డవాళ్ల ముందుకు నడిచింది.

"మీకు నేను అబద్ధం చెప్పాను," అంది.