వెంట్రుకంత సందు

"మూసెయ్యి పాపా, ఇది మూడోసారి చెప్తాండా" అన్నాడు దేవేంద్రప్ప.

"మూయను సార్" అంది స్తుతి.

కర్నూలు కొత్త బస్టాండు దగ్గర, రెండో అంతస్తులోని ఆ డిజైన్ ఆఫీసులో పని చేసే పదకొండు మందీ తలలెత్తి చూశారు. యజమాని మాటకు ఎదురు చెప్పిన వాళ్ళు అక్కడ ఇంతవరకు లేరు.

స్తుతి కంప్యూటర్ తెర మీద ఒక అల్యూమినియం పెట్టె మోడల్ ఉంది. బెంగళూరు కంపెనీ పంపింది. ఆ పెట్టెలో వైర్‌లెస్ పరికరం ఉంటుంది. దాని తరంగాలు ఎటు పోతాయో కంప్యూటర్ లెక్క కట్టాలంటే ముందు మోడల్‌ను శుభ్రం చేయాలి. మరలు, చెక్కిన అక్షరాలు, అంచుల్లో మలిచిన వంపులు, ఇలా లెక్కకు అక్కర్లేని చిన్నవన్నీ తీసేయాలి. లేకపోతే ఒక పూటలో తేలే లెక్క వారం పడుతుంది.

ఆ ఏరివేతకు ఆఫీసులో ఒక టూల్ ఉంది. పాత మోడళ్ళు చూపిస్తే తనంతట తానే నేర్చుకునే రకం. ఈ పెట్టెలో అది ఆరు వందల నలభై పట్టుకుంది. స్తుతి ఒక్కటి తప్ప అన్నీ తీసేసింది. ఆ ఒక్కటి మూతకూ పెట్టెకూ మధ్య వెంట్రుకంత సందు. టూల్ దాన్ని ఎర్రగా చూపించి, గీయడంలో తప్పు, మూసేయాలి అంటోంది.

"అన్నిటికీ దాని మాట విన్యావు గదమ్మా! దీనికేమొచ్చింది?"

"దానికి నేర్పిచ్చిన పాత మోడళ్ళు యాడివి సార్? మీరు తెచ్చిచ్చినవే. బోరు మోటార్లు, బేతంచెర్ల బండల పాలిష్ మిషన్లు. వాటిల్లో సందు కనపడితే గీసినోడు తప్పు గీసినట్టే. దానికి అంతే తెలుసు. తరంగం సంగతి దానికెవరు చెప్పినారు?"

"ఊరికే వస్తాంటే తెచ్చినా. అయినా అంత సన్న సందులోంచి ఏం పోతాది?"

"వెడల్పు గాదు సార్, పొడవు చూడాల. బెత్తెడు పొడవుండాది. తరంగానికి అది శానా పెద్ద వాకిలి."

దేవేంద్రప్ప గోడ గడియారం చూశాడు. నాలుగు లోపల మోడల్ పంపాలి. బెంగళూరు వాళ్ళు అసలు పెట్టెను ల్యాబులో ముందే కొలిచి, ఆ కొలత దాచి పెట్టుకున్నారు. ఎవరి మోడల్‌తో వేసిన లెక్క దానికి సరిపోతుందో వాళ్ళకు ఏడాది పొడుగునా పని. బరిలో మిగిలింది ఇద్దరే. వీళ్ళొకరు, కడప కంపెనీ ఒకటి.

"కడపోళ్ళు మూసే పంపిచ్చినారంట" అన్నాడు.

"పంపిచ్చుకోనీ సార్."

"ఓడిపోతే?"

"రేపట్నుంచి రాను. కాయితం ఇప్పుడే రాసిస్తా."

ఇరవై ఏళ్ళు ఆదోనిలో పత్తి కొన్న మనిషి దేవేంద్రప్ప. బేలులో చెయ్యి పెట్టేముందు అమ్మేవాడి కళ్ళు చూసేవాడు. ఇప్పుడు స్తుతి కళ్ళు చూశాడు. ఆమె రెప్ప వేయలేదు.

"సరే, పంపు. కాయితం మాత్రం రాసి పెట్టుకో."

మర్నాడు పదకొండింటికి బెంగళూరు నుంచి చైతన్య అనే ఇంజనీరు వీడియో కాల్ చేశాడు. ఆఫీసంతా తెర ముందు చేరింది.

"దేవేంద్రప్ప గారూ, ముందు కడప వాళ్ళ లెక్క చూడండి."

తెర మీద ఒక గీత ఈ చివర నుంచి ఆ చివరికి నున్నగా, కడప బండలాగా పరుచుకుంది.

"ఇది మీది."

ఆ గీతా అలాగే పోతూ పోతూ నడుమలో ఒక్కసారి నిటారుగా లేచి కిందికి దిగింది.

"ఇదేందప్పా, కొమ్ము మొలిచింది?"

"మీ లెక్క ప్రకారం మా పెట్టెలోంచి తరంగం బయటికి కారుతోందండీ."

దేవేంద్రప్ప మెల్లగా స్తుతి వైపు వంగాడు. "కాయితం రాసినావా?"

"బ్యాగులో ఉండాది సార్."

"ఒక్క నిమిషం" అన్నాడు చైతన్య. "ఇది మా ల్యాబు కొలత."

మూడో గీత బయలుదేరింది. నడుమకు వచ్చి లేచింది. అదే చోట, అంతే ఎత్తుకు. స్తుతి గీత మీద అచ్చు పోసినట్టు కూర్చుంది.

"పెట్టె కారుతోందని తెలుసు గానీ, ఎక్కడో మూడు నెలలుగా మాకు దొరకలేదు. మీ మోడల్ చూశాక రాత్రి ఆ సందుకు రాగి పట్టీ అంటించాం, ఆగిపోయింది. ఏడాది పని మీకే."

ఆఫీసు ఈలలతో అదిరింది. దేవేంద్రప్ప స్తుతి బ్యాగులోంచి కాయితం తీయించి, నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి విసిరాడు.

"ఇంకమింద ఆ టూల్ ఏం చెప్పినా, ఈ పాప సరేనంటేనే చేసేది! ఇన్నారా?" అని అరిచి, అందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించాడు.

సందడి తగ్గాక ప్లేటు పట్టుకుని స్తుతి పక్కన కుర్చీ లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"నీకొకటి చెప్పాల. కోపం చేసుకోవద్దు. ఆ కడప కంపెనీ గూడా మనదే. మా ఇంటామె స్వర్ణలత పేరు మింద ఉండాది. నువ్వు మొండికేసినావని, ఎందుకైనా మంచిదని ఆడ సందు మూపిచ్చి పంపిచ్చినా. ఏది గెల్చినా పని మనింటికే వస్తాది గదా."

స్తుతి బజ్జీ నమలడం ఆపలేదు.

"తెలుసు సార్. కడప పిల్లోళ్ళకు చేత గాక, నిన్న పొద్దున మేడమ్ ఆ మోడల్ నాకే పంపిచ్చింది. ఆ సందు మూసిచ్చింది నేనే. రెండు పక్కలా మీరే ఉండారని తెలీకుండా ఉద్యోగం పందెం కాస్తానా?"