ఎర్రమట్టి దిబ్బల నవ్వు

క్లాసు ఫొటోలోంచి ధనశ్రీ తన మొహం ఒక్కటీ గుండ్రంగా కత్తిరించి పారేసింది.

మర్నాడే వాళ్ళ నాన్న కామరాజు ఆ పిల్లని సీతమ్మధారలోని పళ్ళ క్లినిక్‌కి లాక్కొచ్చాడు.

కామరాజు పోర్టులో క్రేన్ ఆపరేటరు. విశాఖలో డాల్ఫిన్ ముక్కు కొండ తర్వాత అంత పొడవాటి ముక్కు అతనిదే. కోపం ఎప్పుడూ దాని కొసనే కూర్చుని ఉంటుంది. ఒకసారి తను తుమ్మితే లంగరేసిన ఓడ రెండు గజాలు జరిగిందని అతనే చెబుతాడు. మనం నమ్మకపోతే ఓడకేం నష్టం లేదు.

గురువారాలు మాత్రమే వచ్చే చిగుళ్ళ డాక్టరమ్మ మాస్కు కట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

“నవ్వితే పైసిగుళ్ళు మొత్తం కనిపించేత్తన్నాయి మేడమ్. స్కూల్లో ఎవుడో పేరెట్టాడు. ఏటా పేరంటే ఇది సెప్పదు. మీరు సిగుళ్ళు కోసీండి. ఆ పేరెట్టినోడి సంగతి నాను సూసుకుంతాను.”

“ఏం చేస్తారు?”

“ముందు ఆడి పళ్ళు రాలగొడతాను. మీకో బేరం. తరవాత మా అమ్మాయి ముందు ఆడి సేత ముక్కు నేలకి రాయిత్తాను. సింహాద్రప్పన్న మీద ఒట్టేసేను.”

“చిన్నపిల్లాడైతే?”

“ఆడి బాబు సేత రాయిత్తాను.”

డాక్టరమ్మ ధనశ్రీని కుర్చీలో పడుకోబెట్టి నవ్వమంది. ధనశ్రీ నవ్వలేదు. నవ్వి పదకొండు రోజులైంది. డాక్టరమ్మే వేలితో పెదవి ఎత్తి, చిగుళ్ళు కొలిచే సన్నటి పుల్ల ఆనించి చూసింది.

“కొందరికి చిగురు పంటి మీదకి దిగి ఉంటుంది. లేజరుతో కాస్త కత్తిరిస్తే చాలు. కొందరికి పెదవి మరీ పైకి లేస్తుంది. చిన్న ఇంజెక్షనిస్తే నాలుగైదు నెలలు లేవదు, తర్వాత మళ్ళీ పొడిపించుకోవాలి. పెదవిని లోపల్నుంచి కిందికి కుట్టే పద్ధతీ ఉంది. పైదవడ ఎముకే పొడుగైతే మాత్రం క్లిప్పులు, పెద్ద ఆపరేషను.”

“మా అమ్మాయిది ఏటి?”

“పెదవి. పద్నాలుగేళ్ళ పిల్ల, ఇంకా ఎదుగుతుంది. ఇప్పుడు నేనేమీ కోయను. పద్దెనిమిది దాటాక, తనకే కావాలనిపిస్తే తీసుకురండి.”

కామరాజు ముక్కు ఎర్రబడింది.

“నాలుగేళ్ళు నోరు మూసుకుని కూకోమంతారేటి దీన్ని? మీకేటి తెలుత్తాది మేడమ్? మొకానికి గుడ్డ కట్టుకుని కూకుంతారు. మిమ్మల్ని సూసి ఎవుడైనా నవ్వాడా?”

అంతలో కామరాజుకి పోర్టు నుంచి ఫోనొచ్చింది. అరుచుకుంటూ బయటికి వెళ్ళాడు.

“ఏం పేరు పెట్టారమ్మా?” అంది డాక్టరమ్మ.

ధనశ్రీ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి దారిలో ఉంటాయి కదా మేడమ్, అవి. నేను నవ్వగానే టిక్కెట్టెంత, టిక్కెట్టెంత అని లైన్లో నిలబడతారు.”

డాక్టరమ్మ చేతిలోని పుల్ల జారి ట్రేలో పడింది.

“ఎవరు మొదలెట్టారు?”

“నరేష్ అంకుల్ వాళ్ళబ్బాయి. అంకులే చెప్పారంట, వాళ్ళ క్లాసులో ఒకమ్మాయికి ఈ పేరుండేదని. ఆ అమ్మాయి తర్వాత స్కూలే మానేసిందంట. నరేష్ అంకులూ డాడీ చిన్నప్పుడు ఒకే బెంచీ. అందుకే డాడీకి చెప్పలేదు. ఇద్దరూ కొట్టేసుకుంటారు.”

డాక్టరమ్మ బల్ల మీదున్న, ధనశ్రీ వివరాలు రాసిన కాగితం తీసి తండ్రి పేరు దగ్గర చూసింది. మరోసారి చూసింది. మెల్లగా మడిచి జేబులో పెట్టుకుంది.

కామరాజు లోపలికొచ్చాడు. “ఏటంది? పేరు సెప్పిందా?”

“చెప్పింది. కానీ అది ఇప్పటి పేరు కాదు. బాగా పాతది. మొదట పెట్టినవాడు వేరే ఉన్నాడు.”

“ఎవుడాడు? మీకు తెలుసా?”

“తెలుసు.”

“సెప్పండి. ఇప్పుడే ఎల్తాను.”

“ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఒట్టు మీదే ఉన్నారా?”

“అప్పన్న మీద ఏసిన ఒట్టండీ. తప్పితే నా ముక్కే ఊడిపోద్ది.”

డాక్టరమ్మ ధనశ్రీ వైపు తిరిగింది.

“నేనీ చదువు చదివిందే నా చిగుళ్ళు కోయించుకుందామని. తీరా కోయించుకునే రోజొచ్చాక మానేశాను.”

“మీకూనా? ఎందుకు మానేశారు మేడమ్?”

“నాకు పేరు పెట్టినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడకపోడు. ఇవి లేకపోతే నన్నెలా గుర్తుపడతాడు?”

చెవి మీంచి మాస్కు తాడు తీసింది. తీరిగ్గా నవ్వింది. పైపెదవి లేచి, పళ్ళ మీద చిగుళ్ళు ఎర్రటి గట్టులా బయటపడ్డాయి.

అది చూసి ధనశ్రీ కూడా నవ్వేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

కామరాజు చెయ్యి తన ముక్కు మీదకి వెళ్ళింది. కింద గచ్చు అప్పుడే తుడిచినట్టుంది, శుభ్రంగా మెరుస్తోంది.

“ఇప్పుడు టిక్కెట్టెంత, కామరాజూ?” అని అడిగింది, ఏడో తరగతి పిక్నిక్కులో అతను ఆ పేరు పెట్టిన మర్నాటి నుంచి మళ్ళీ ఆ బడికి రాని పుష్పకుమారి.