పొట్టి గోపురం

పోలండ్‌లోని క్రాకోవ్ నుంచి ఉత్తరం వచ్చిన సాయంత్రం పావని నర్సీపట్నం ఇంట్లో చిన్నపిల్లలా గంతులేసింది. పెళ్ళయి నెలైనా కాలేదు, అప్పుడే విమానం! ఆ ఊరి పాత చర్చి నమూనాగా భర్త మన్మథరావు పంపిన లక్కబొమ్మ ఫోటో అక్కడివాళ్ళకి నచ్చిందట. బొమ్మతో సహా ఇద్దర్నీ రమ్మన్నారు.

చీకటిపడగానే కరెంటు పోయింది. ఆమె కొవ్వొత్తి దగ్గర ఆ ఊరి పుస్తకం తెరిచింది.

"ఆ చర్చి జంట గోపురాలు అన్నదమ్ములు కట్టారటండీ. తమ్ముడిది తనదాన్ని మించుతుందని అన్న పొడిచేశాడట. అందుకే ఒకటి పొట్టిది. ఆ కత్తిని ఇప్పటికీ బట్టల బజారులో వేలాడదీశారట!"

"సాల్లే, ఆపెహె," అన్నాడు మన్మథరావు.

పావని నాలుక కరుచుకుంది. నిరుడు అతని తమ్ముడు సోమేశ్ వరాహ నదిలో మునిగిపోయాడు. పడవలో ఉన్నది అన్నదమ్ములిద్దరే. ఆ చర్చి బొమ్మ చేసింది కూడా సోమేశేనని వాళ్ళ సొంతూరు ఏటికొప్పాకలో గుసగుస.

అంతలో పక్కగదిలో బొమ్మలు చెక్కే మోటారు తిరిగింది. కరెంటు ఇంకా రాలేదు.

కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళింది. మోటారు ఆగింది. పక్కనే ఉన్న చర్చి బొమ్మలో పొట్టి గోపురం ఇప్పుడు పొడుగుదానికంటే బెత్తెడు ఎత్తుంది. లక్క వేలికి వెచ్చగా అంటుకుంది.

వెనక గుమ్మంలో భర్త నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"బయపడకు వదినా," అన్నాడు మెత్తగా. "రేపు అన్నయ్యని నాతో తీసుకెల్లిపోతాను."